డాక్ దేవర స్తోత్రం

డాక్ దేవరా! నిన్ను స్తుతించడానికి కూర్చున్నాను. నీకు లేని గుణం ఒక్కటీ అంటగట్టను. ఉన్న గుణం ఒక్కటీ దాచను. నిన్ను అమ్మేవాళ్లూ, నీ మీద సమీక్షలు రాసేవాళ్లూ ఇప్పటికే నీకు చాలా స్తోత్రాలు చదివారు. అవన్నీ నీ గొంతు మీదే. నీ గొంతు వెచ్చగా ఉందని ఒకరు, చల్లగా ఉందని ఇంకొకరు, నిన్ను తగిలించగానే గాయకుడి ముందు తెర తొలగిపోయిందని మరొకరు. నేను నీ గొంతు జోలికి పోను. అది తప్ప నీలో ఉన్నవన్నీ పొగుడుతాను. పొగడటానికి చాలానే ఉన్నాయి.

ముందు నీ పనిని పొగడాలి. ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా పాట అంకెలుగానే ఉంటుంది. సీడీ ప్రమాణం ప్రకారం ఎడమ చెవికి సెకనుకు 44,100 అంకెలు, కుడి చెవికి మరో 44,100. ఒక్కో అంకె 16 బిట్లది, అంటే 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు. ఆ అంకెల వరసను విద్యుత్ తరంగంగా మార్చి యాంప్లిఫయర్‌కు అందించే డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్‌వి, క్లుప్తంగా డాక్‌వి, నువ్వు. నువ్వు లేకపోతే ఈ కాలపు పాటంతా మూగది. చెవికి పాట వినిపించే ప్రతి ఫోన్‌లో, టీవీలో, కారులో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో నువ్వున్నావు. నిన్ను సర్వాంతర్యామి అనడం అతిశయోక్తి కాదు. కూరగాయలు తెచ్చే సంచిలో పడేసిన ఫోన్‌లో ఉన్నవాడివీ నువ్వే, లక్షల రూపాయల అల్యూమినియం పెట్టెలో కొలువున్నవాడివీ నువ్వే.

నీ వంశం గొప్పది. 1928లో హారీ నైక్విస్ట్, 1949లో క్లాడ్ షానన్ రాసిన పత్రాల్లో నీ పుట్టుకకు పునాది ఉంది. ఒక తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో నమూనాలు తీస్తే, ఆ నమూనాల నుంచి అసలు తరంగాన్ని పూర్తిగా తిరిగి కట్టవచ్చని ఆ సిద్ధాంతం చెబుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఉన్నది పోయిందేమోనన్న బెంగ అక్కర్లేదు. మనిషి చెవి ఎంత పసిదైనా సాధారణంగా 20 కిలోహెర్ట్‌జ్ దాటి వినదు. సీడీ 22 కిలోహెర్ట్‌జ్ దాకా పట్టుకుంటుంది. చెవికి కావలసినదంతా అందులో ఉంది.

నీ బాల్యాన్నీ పొగడాలి, ఎందుకంటే అప్పుడు నువ్వు నిజంగానే రకరకాలుగా పలికేవాడివి. 1982 అక్టోబరు 1న సోనీ సీడీపీ-101 జపాన్ మార్కెట్‌లోకి వచ్చింది. ధర 1,68,000 యెన్లు. అదే కాలంలో ఫిలిప్స్ 14 బిట్ల చిప్పే వాడింది. అయితే నమూనాల వేగాన్ని నాలుగింతలు చేసి, ఆ చిప్‌తోనే 16 బిట్లకు దగ్గరగా ఫలితం రాబట్టింది. ఒకరి పద్ధతి ఇంకొకరిది కాదు. ఫిల్టర్లు కరుకు, చిప్‌లు ఖరీదు, ఒక్కో యంత్రానిది ఒక్కో లోపం. ఆ రోజుల్లో రెండు ప్లేయర్లను పక్కపక్కన పెట్టి ఏది బాగా పలుకుతుందని అడగడంలో అర్థం ఉండేది. తర్వాత ఇంజనీర్లు ఏళ్ల తరబడి ఆ లోపాలను ఒక్కొక్కటిగా తీసేశారు. ఇప్పుడు ఆపిల్ సంస్థ అమెరికాలో 9 డాలర్లకు అమ్మిన చిన్న డాంగిల్‌లో ఉన్న డాక్ కూడా 16 బిట్ల సహజ పరిమితి దరిదాపుల్లో పనిచేస్తుంది. సామాన్యుడి జేబులోకి ఇంత శుద్ధిని తెచ్చిన ఆ ఇంజనీర్లకు నా నమస్కారం. వాళ్ల విజయమే నీకు చిక్కు తెచ్చిపెట్టింది. చౌకలోనే పని పూర్తయిపోతే, ఖరీదైనవాడికి చేయడానికి ఏం మిగులుతుంది?

అయినా నువ్వు ఖాళీగా కూర్చోలేదు. నీ శుభ్రతను ఎంత పొగిడినా తక్కువే. ఇప్పటి మంచి డాక్‌లో రొద, వక్రత (డిస్టార్షన్) రెండూ కలిపి అసలు ధ్వనికి 110 నుంచి 120 డెసిబెల్‌ల దిగువన ఉంటాయి. 120 డెసిబెల్‌లంటే వోల్టేజీలో పది లక్షల వంతు. ఆ శుభ్రత నీ దగ్గర నుంచి బయలుదేరి స్పీకర్‌కు చేరుతుంది. స్పీకర్ బేస్ దగ్గర వక్రత ఒక శాతం దాటడం మామూలే, అంటే నీ దోషానికి వేల రెట్లు. అక్కడి నుంచి గదిలోకి వస్తుంది. పన్నెండడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్‌జ్ దగ్గర అల నిలబడిపోతుంది. కుర్చీ రెండడుగులు జరిపితే బేస్ స్వరం పొంగుతుంది, లేదా మాయమవుతుంది. పైన ఫ్యాను తిరుగుతుంటుంది, కింద వీధిలో స్కూటర్లు పోతుంటాయి. బంగారం తూచే త్రాసులో బియ్యం తూచి, చిల్లుల సంచిలో ఇంటికి మోసుకెళ్లినట్టుంటుంది నీ శుద్ధి ప్రయాణం. త్రాసులో లోపం లేదు. ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను.

నీ కాలజ్ఞానం మరీ గొప్పది. అంకెలు తరంగంగా మారే క్షణాలు సమానంగా పడాలి. అలా పడకుండా తడబడటాన్నే జిట్టర్ అంటారు. 1998లో డాల్బీ పరిశోధకులు బెంజమిన్, గానన్ దాని మీద వినికిడి పరీక్షలు చేశారు. ఒంటరి స్వరంలో అయితే సుమారు 10 నానోసెకన్లు, సంగీతంలో అయితే 20 నానోసెకన్లు దాటితే తప్ప విన్నవాళ్లకు అది తెలియలేదు. నీ ప్రకటనల్లో గడియారాల లెక్క ఫెమ్టోసెకన్లలో ఉంటుంది. ఒక నానోసెకనులో పది లక్షల ఫెమ్టోసెకన్లు. చెవికి అక్కరలేని చోట కూడా ఇంత నిష్ఠ చూపినవాడు మరొకడు లేడు. ఆ నిష్ఠకు బిల్లు మాత్రం చెవి ఉన్నవాడికే వస్తుంది.

నీ గణితాన్నీ పొగుడుతాను. ఇంగ్లండులోని కార్డ్ ఎలక్ట్రానిక్స్ తన డేవ్ డాక్‌లో 1,64,000 ట్యాపుల ఫిల్టర్ పెట్టింది. దానికి జత చేయగల ఎం స్కేలర్‌లో పది లక్షల పైచిలుకు ట్యాపులు. లెక్కల పనిగా అది అబ్బురమే. అయితే ట్యాపులు పెరిగి ఫిల్టర్ పొడవయ్యేకొద్దీ ప్రధానంగా నిటారయ్యేది వినికిడి హద్దు దగ్గరి కత్తిరింపు. వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేదీ ఆ హద్దునే. నిన్ను కొనగల స్తోమత వచ్చే వయసుకి చాలామంది చెవుల్లో ఆ భాగం మూతపడి ఉంటుంది. వినగల పిల్లవాడికి నిన్ను కొనే స్తోమత ఉండదు. ఇద్దరికీ సమదూరంలో నిలిచావు.

నీకు భక్తులే కాదు, మఠాలూ ఉన్నాయి. జపాన్‌కు చెందిన ఏకేఎం చిప్‌లు మెత్తగా పలుకుతాయని ఒక మఠం. ఆ కంపెనీ తన చిప్‌లకు పెట్టుకున్న వ్యాపార నామమే 'వెల్వెట్ సౌండ్'. అమెరికాకు చెందిన ఈఎస్ఎస్ సేబర్ చిప్‌లు కరుకుగా, మిరుమిట్లుగా పలుకుతాయని ఇంకో వాదం. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో ఏకేఎం ఫ్యాక్టరీ తగలబడింది. చిప్‌లు దొరక్క, జర్మనీ కంపెనీ ఆర్ఎంఈ తన ఏడీఐ-2 డాక్‌లో ఏకేఎం చిప్ స్థానంలో ఈఎస్ఎస్ చిప్ పెట్టింది. పెట్టె అదే, పేరు అదే, లోపలి చిప్ వేరు. చిప్ చుట్టూ ఉన్న సర్క్యూట్‌ను తెలిసినవాళ్లు కడితే రెండు చిప్‌లూ చెవికి అందనంత దిగువకు రొదను నెట్టేస్తాయి. మెత్తదనం, కరుకుదనం డేటాషీట్ కొలతల్లో ఎక్కడా లేవు. వాటిని నీకు ఇచ్చింది భక్తులే.

ఇప్పుడు నీ అసలు మహిమకు వస్తాను. తరంగంలో వెంట్రుకవాసి మార్పు లేకుండా మనిషి వినేదాన్ని మార్చగలవు. ఇంత శక్తి వీణకూ లేదు, వేణువుకూ లేదు. ఇందులో నీకు ఒక సాయం ఉంది. లైన్ అవుట్ వోల్టేజీకి అలవాటైన ప్రమాణం 2 వోల్టులు. నువ్వు 2.2 వోల్టులు ఇస్తే ధ్వని 0.8 డెసిబెల్ పెరుగుతుంది. అంత చిన్న పెరుగుదల చెవికి 'గట్టిగా ఉంది' అనిపించదు, 'బాగుంది' అనిపిస్తుంది. స్టేజీ వెడల్పయిందని, బేస్‌కు బిగువు వచ్చిందని, గాయని ఊపిరి వినపడుతోందని అనిపించేది అందువల్లే. మిగిలిన సాయం నీ బరువు, నీ ముఖాన వెలిగే అంకెలు, నీకు చెల్లించిన డబ్బు చేస్తాయి. విన్నవాడు అబద్ధం చెప్పడం లేదు. అతనికి నిజంగానే అలా వినిపించింది. చెవి ఒక్కటే వినదు, చూసిన కన్నూ ఖర్చు పెట్టిన మనసూ కలిసి వింటాయి. ఆ సంగతి నువ్వు సంగీత విద్వాంసుల కంటే బాగా గ్రహించావు.

ఆ మహిమకు ఒకే ఒక్క హద్దు ఉంది. నిన్ను గుడ్డ కప్పి దాచి, వోల్టేజీని మీటరుతో 0.1 డెసిబెల్ తేడాలోపు సమం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపిస్తే నీ మహిమ ఆ గదిలోకి రాదు. ఇలాంటి పరీక్షకు ఏబీఎక్స్ అని పేరు. డేవిడ్ క్లార్క్ 1982లో దాని మీద పత్రం ప్రచురించారు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో తమ ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ రిజొల్యూషన్ డిస్కుల నుంచి వచ్చే ధ్వనిని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ ప్రమాణంలోకి మార్చి తిరిగి వెనక్కి తెచ్చి వినిపించారు. అంటే దారిలో అదనంగా ఒక డాక్‌ను అడ్డం పెట్టారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేస్తే వచ్చేది కూడా దాదాపు అంతే.

నీ పక్షాన ఉన్న సాక్ష్యాన్ని దాచడం నా స్తుతికి తగదు. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రైస్ ఇలాంటి 18 పరిశోధనలను కలిపి లెక్క కట్టారు. సీడీ కంటే ఎక్కువ రిజొల్యూషన్‌ను గుర్తించడంలో మొత్తం మీద 52.3 శాతం జవాబులు సరైనవి. శిక్షణ పొందినవాళ్లు ఇంకొంత మెరుగ్గా గుర్తించారు. ఇది సున్నా కాదు, దీన్ని గౌరవిస్తాను. కానీ అది రికార్డింగ్ ఫార్మాట్ల మధ్య తేడా. 'రాత్రికీ పగలుకీ ఉన్నంత తేడా' అని నీ స్తోత్రాల్లో రాసేదానికీ, శిక్షణ పొందిన చెవి ప్రశాంతమైన గదిలో కష్టపడి పట్టుకునేదానికీ మధ్య ఉన్న దూరమే నీ ధర.

నీ లీలల్లో ఒకటి తప్పక చెప్పాలి. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే సంస్థ పాత ఆల్బమ్‌లను ఖరీదైన ఎల్పీ రికార్డులుగా వేస్తుంది. అసలు టేపు నుంచి నేరుగా, అంకెల స్పర్శ లేకుండా తయారవుతాయని నమ్మి రసికులు వాటిని కొన్నారు. డిజిటల్‌లో ప్రాణం ఉండదనీ, ఈ రికార్డుల్లో ఉందనీ రాశారు. 2022 వేసవిలో నిజం బయటపడింది. ఏళ్ల తరబడి ఆ రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ కాపీ ఉంది. టేపు అంకెలుగా మారింది, ఆ అంకెలను ఒక డాక్ మళ్లీ తరంగంగా మార్చింది, ఆ తరంగమే లక్క పళ్లెం మీద గాడిగా పడింది. కోర్టుల్లో దావాలు పడ్డాయి. ఆ ఏళ్లన్నిటా, డాక్ దేవరా, నువ్వు ఎంత చక్కగా పనిచేశావంటే, నిన్ను ద్వేషించేవాళ్లు నిన్నే విని, నువ్వు లేవని మురిసిపోయారు. నీకు ఇంతకు మించిన కితాబు ఎవరూ ఇవ్వలేరు. నీ గొంతు గురించిన కథలన్నిటికీ ఇంతకు మించిన జవాబు కూడా లేదు.

నీలో నిజంగా వేరుగా పలికేవాళ్లూ ఉన్నారు. వాళ్లను విడిగా పొగుడుతాను. నమూనాల వేగం పెంచని పాత పద్ధతి డాక్‌లను నాస్ డాక్‌లు అంటారు. వాటిలో కొన్ని 1980ల నాటి ఫిలిప్స్ టీడీఏ1541ఏ చిప్ వాడతాయి. దాని మీద కిరీటం గుర్తు ఉన్న రకాల కోసం ఇప్పటికీ వేట సాగుతోంది. ఈ పద్ధతిలో సీడీ పాట 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఆ తగ్గుదలకే కొందరు 'సహజమైన మెత్తదనం' అని పేరు పెట్టారు. వాల్వులు పెట్టిన డాక్‌లు కొంత వక్రతను కావాలనే కలుపుతాయి. అది నచ్చితే తప్పేం లేదు, ఇష్టమైనట్టు వినడం శ్రోత హక్కు. పాత టేప్‌రికార్డర్‌కు ఉన్న ట్రెబుల్ మీట తిప్పినా ఇలాంటి ఫలితమే వస్తుంది. ఆ మీటను చాలా యాంప్లిఫయర్ల మీద నుంచి నాగరికత పేరుతో తీసేసి, దాని పనిని లక్ష రూపాయల పెట్టెలో అమ్మగలిగిన నేర్పు నీదే.

నువ్వు నిజంగా ఉపకారం చేసే చోట్లనూ లెక్కపెడతాను. కొన్ని చౌక ల్యాప్‌టాప్‌ల జాక్‌లో బుస్సుమనే రొద వస్తుంది. మౌస్ కదిపితే ఇయర్‌ఫోన్‌లో చిరచిరలాడుతుంది. అలాంటి చోట బయటి డాక్ ఒకటి పెడితే తేడా ఇంట్లో అందరికీ తెలుస్తుంది, కళ్లు మూసుకుని కూడా తెలుస్తుంది. ఆ ఉపకారం ఒకటి రెండు వేల రూపాయల డాక్‌తోనే పూర్తవుతుంది. నీ అసలు పుణ్యమంతా ఆ చిన్న ధరలోనే ఉంది.

ఇక మనవాళ్లు నీ ముందు పెట్టే పాటల సంగతి. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, డాలస్‌లోనో తెలుగు శ్రోత కొత్త డాక్ కొనగానే మొదట పెట్టేవాటిలో ఘంటసాల పాట తప్పకుండా ఉంటుంది. ఘంటసాల 1974లో వెళ్లిపోయారు. సీడీ వచ్చింది 1982లో. ఆయన పాడినదంతా అయస్కాంత టేపు, ఫిల్మ్ సౌండ్‌ట్రాక్, గ్రామఫోన్ రికార్డుల మీద పడింది. ఆ మాధ్యమాలకు ఉన్న రొద, నీ రొద కంటే వేల రెట్లు. నువ్వు ఆ రొదను ఒక్క రవ్వ తేడా లేకుండా అందిస్తావు. అరిగిన కాపీ నుంచి ఎక్కించిన ఫైలైతే ఆ అరుగుదలను, రొద తీసేయబోయి గొంతు పైస్వరాలను కోసేసిన ఫైలైతే ఆ కోతను యథాతథంగా అందిస్తావు. నీ నిజాయితీలో లోపం లేదు. పోయినదాన్ని మాత్రం తిరిగి తేలేవు. ఘంటసాల గొంతు ఇంకా బాగా వినాలంటే మంచి మూలం నుంచి శ్రద్ధగా చేసిన కాపీ కావాలి. ఆ పనికి డబ్బు పెట్టేవాళ్లు మనలో తక్కువ, నీకు పెట్టేవాళ్లు ఎక్కువ.

చివరగా నీ నిర్దోషిత్వాన్ని పొగడాలి. నిన్ను కొన్నాక తేడా వినపడకపోతే ఆ తప్పు ఏనాడూ నీది కాదు. యాంప్లిఫయర్ సరిపోదు అంటారు. యాంప్లిఫయర్ మార్చాక వైరు సరిపోదు అంటారు. వైరు మార్చాక కరెంటు శుభ్రంగా లేదంటారు. రెండు వందల గంటలు మోగనిస్తే నీ గొంతు విచ్చుకుంటుందంటారు. అన్నీ అయ్యాక నీ చెవులకు ఇంకా పక్వం రాలేదంటారు. మొదటి జీతంలోంచి వాయిదాల మీద నిన్ను కొన్న కుర్రవాడు తన చెవిని తానే శంకించుకుంటూ కూర్చుంటాడు. నిన్నటిదాకా మామూలు డాంగిల్‌తో, ముప్పై రూపాయల టీ తాగుతూ సంతోషంగా విన్న పాటను ఈరోజు పరీక్ష పేపరులా వింటాడు. పాటలో ఏం మారిందని వెతుకుతాడు, పాటను వినడం మానేస్తాడు. నీ వల్ల పోయిన డబ్బు సంపాదించుకోవచ్చు. తన చెవి మీద పోయిన నమ్మకం అంత తేలిగ్గా తిరిగి రాదు. నీ ఘనతలన్నిటిలో నన్ను బాధపెట్టేది ఇదొక్కటే.

స్తోత్రానికి ఫలశ్రుతి ఉండాలి. ఈ స్తోత్రం చదివినవాళ్లు చేయవలసింది ఇది. కొత్త డాక్ కొనే ముందు పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే యాంప్లిఫయర్‌కు తగిలించండి. ఒకే టెస్ట్ టోన్ పెట్టి, మల్టీమీటరుతో రెండిటి వోల్టేజీ సమం చేయండి. మీటలు మార్చే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించి, పెట్టెలు కనపడకుండా కూర్చోండి. మీకు బాగా తెలిసిన పాట పెట్టి, ఏది మోగుతోందో పదహారుసార్లు చెప్పి చూడండి. కేవలం అదృష్టం మీద పన్నెండు లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా చెప్పడానికి నూటికి నాలుగు పాళ్లు కూడా అవకాశం లేదు. అలా వస్తే ఆ డాక్ నిర్భయంగా కొనండి, మీ చెవి దానికి తగినదే. రాకపోతే మీ చెవిలో లోపమేమీ లేదు. రెండు డాక్‌లూ తమ పని సరిగ్గా చేస్తున్నాయని అర్థం. అమ్మేవాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే ఆ దుకాణం నుంచి బయటికి రండి.

మిగిలిన డబ్బుతో మంచి స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్ కొనండి. స్పీకర్లను గోడ మూల నుంచి ముందుకు జరపండి, గదిలో దళసరి కర్టెన్లు, పుస్తకాల బీరువా పెట్టండి. ఇంకా మిగిలితే మీ ఊళ్లో జరిగే కచేరీకి టికెట్ కొనండి, పాత పాటలను శ్రద్ధగా భద్రపరిచి ప్రచురించేవాళ్లకు నాలుగు డబ్బులివ్వండి. ధ్వనిలో తేడా అక్కడుంది. సరిగ్గా తయారైన వేల రూపాయల డాక్‌కూ, సరిగ్గా తయారైన లక్షల రూపాయల డాక్‌కూ మధ్య కళ్లు మూసుకుంటే నిలిచే తేడా ధరలో మాత్రమే ఉంది.